అద్దె తగ్గుతుంది సరే... మిగతా లెక్క ఎవరు రాస్తారు?

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, మా గోపన్‌పల్లిలో ఇద్దరు ఆడవాళ్ళు కలిసిన చోటల్లా ఒకటే ప్రశ్న. "మీ ఓనరు ఈసారి ఎంత పెంచాడండీ?" జవాబు విన్నాక ఒకటే నిట్టూర్పు. "ఇంకెన్నాళ్ళిక్కడ? హాయిగా మన ఊరెళ్ళిపోతే పోలా!"

లిఫ్టులో, కూరల బండి దగ్గర, స్కూలు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఎక్కడ విన్నా ఇదే మాట. ఒకరికి మన ఊరంటే వరంగల్లు, ఇంకొకరికి కాకినాడ, మరొకరికి కర్నూలు. ఇదివరకు విసుగొచ్చినప్పుడు అనుకుని మర్చిపోయే మాట ఇది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో కాగితం, పెన్ను తీసుకుని లెక్కలు వేసేదాకా వచ్చింది. మా ఇంట్లోనూ వచ్చింది. ఆ లెక్క వేస్తున్నప్పుడు నాకు తట్టిన సంగతి మీతో చెప్పాలనిపించింది.

ఖరీదైన చోటు వదిలి చవకైన చోటుకి వెళ్ళాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు అద్దె, స్కూలు ఫీజు, పెట్రోలు అన్నీ కాగితం మీదికి ఎక్కుతాయి. ఎక్కనిదల్లా ఇల్లాలి వాటా. ఆవిడ సంపాదన చిన్నదైతే దాన్నెవరూ పట్టించుకోరు. ఆవిడ సమయానికి వెల కట్టే అలవాటు లేదు కాబట్టి అది అసలే కనిపించదు. తీరా సామాను లారీ ఎక్కాక, మిగిలిన డబ్బులో సగం ఆవిడ ఒంటి చాకిరీ నుంచే వచ్చిందని తెలుస్తుంది.

ఈ ప్రాంతం ఎరగనివాళ్ళ కోసం నాలుగు మాటలు. గోపన్‌పల్లి శేరిలింగంపల్లి మండలంలోని ఊరు. ఒకవైపు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఒకవైపు నల్లగండ్ల, మరోవైపు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. యూనివర్సిటీ 1974లో వచ్చింది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి 1998 నవంబరులో ప్రారంభించారు. ఆ తర్వాత గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, అలా అలా ఆఫీసులు మావైపుకీ జరిగాయి. విప్రో ఆవరణ ఒకటి మా ఊళ్ళోనే ఉంది. గోపన్‌పల్లి తండా కూడలిలో రద్దీ పడలేక ఫ్లైఓవరు కట్టి 2024 జులైలో తెరిచారు. దాని మీంచి వెళ్తుంటే ఒకపక్క తండా ఇళ్ళు, ఒకపక్క మెడ పైకెత్తి చూడాల్సిన మేడలు!

ఆఫీసుల వెనకాలే భూముల ధరలూ నడిచొచ్చాయి. పక్కనున్న కోకాపేటలో 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. భాగించి చూశాను. గజం 2 లక్షల 8 వేలు పైనే! గజమంటే ఎంత? మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పీట వేసుకుని కూర్చుని వత్తులు చేసుకునేంత జాగా. అంత పోసి కొన్న నేల మీద కట్టిన ఫ్లాటు ధర ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ ధర చూసి చుట్టుపక్కల పాత ఇళ్ళవాళ్ళు కూడా "మాదీ అక్కడే కదా" అని అద్దె పెంచుతారు. వేలం జరిగింది కోకాపేటలో, గుండె గుభేలుమంది మా వంటింట్లో!

అద్దె ఒక్కటేనా? వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు నీళ్ళు. ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది. ఇక్కడి స్కూళ్ళ ఫీజుల గురించి చెప్పుకోకపోవడమే మేలు. కాబట్టి వెళ్ళిపోదామనుకునేవాళ్ళని తప్పు పట్టలేం. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

అయితే మాలాంటి ఉద్యోగుల ఇళ్ళకంటే ముందే ఈ ధరల దెబ్బకి ఊరు మారినవాళ్ళున్నారు. మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచే ఆవిడనే తీసుకోండి. మూడేళ్ళలో రెండుసార్లు ఇల్లు మారింది. ముందు తెల్లాపూర్ వైపు వెళ్ళింది. అక్కడా అద్దె పెరిగితే కొల్లూరు వైపు జరిగింది. అద్దెలో నెలకి రెండువేలు మిగిలిన మాట నిజం. కానీ ఏడింటికల్లా మా వీధిలో ఉండాలంటే తెల్లవారుజామున నాలుగున్నరకి లేవాలి. ఇదివరకు ఆరిళ్ళు చేసేది, ఇప్పుడు నాలుగిళ్ళే చేయగలుగుతోంది. ఇంటికి 2,500 చొప్పున ఐదువేలు పోయాయి. రెండువేలు మిగిల్చుకోబోయి ఐదువేలు వదులుకుంది!

"బస్సు ఫ్రీయే కదా" అన్నాను ఒకసారి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. దానివల్ల ఆవిడకి మేలే జరిగింది. కానీ ఆవిడేమందో తెలుసా? "టిక్కెట్టు ఫ్రీనే అమ్మా. బస్టాపుల నిలబడ్డ గంట ఎవరిస్తరు?"

కొల్లూరులోనే 2023 జూన్ 22న ప్రభుత్వం 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళని ప్రారంభించింది. ఒక్కొక్కటి 560 చదరపు అడుగులు. నగరంలోని రకరకాల బస్తీల్లో ఉన్న పేదవాళ్ళకి వాటిని కేటాయించారు. పైసా ఖర్చు లేకుండా సొంత ఇల్లు అంటే చిన్న విషయం కాదు. ఎన్నో కుటుంబాలకి అద్దె బాధ తప్పింది. కానీ ఆ ఇంటి ఆడవాళ్ళు పనిచేసే ఇళ్ళు, దుకాణాలు వెనకటి బస్తీల పక్కనే ఉండిపోయాయి. పని ఒకచోట, ఇల్లు ఒకచోట అయితే ముందు ఎవరి పని మానిపిస్తారో మీకు తెలుసు. "పిల్లలు బడి నుంచొచ్చే వేళకి నువ్వుండాలి" అంటారు. ఆ "నువ్వు" ఎప్పుడూ ఆడదే!

ఇక మా ఇంటి లెక్కకి వస్తాను. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్ళి తీరాలి. మా అత్తగారి ఊరు ఖమ్మం, అక్కడ సొంత ఇల్లుంది. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి నాలుగు. మావారు ఒక ఆదివారం కాగితం మీద రాసి చూపించారు. ఇక్కడ అద్దె 28 వేలు, మెయింటెనెన్స్ మూడున్నర వేలు. ఖమ్మం వెళ్తే ఆ 31,500 మిగులుతాయి. ఇద్దరు పిల్లల స్కూలుకీ, బస్సుకీ ఇక్కడ నెలకి 17 వేలు పడుతుంటే అక్కడ 9 వేలతో అవుతుంది. అంటే మరో 8 వేలు. పాలు, కూరల్లో ఓ రెండువేలు. మొత్తం నెలకి 41,500! "చూశావా, ఏడాదికి ఐదు లక్షలు" అన్నారు. నాకూ కళ్ళు మెరిశాయంటే నమ్మండి.

ఆ కాగితం వెనక్కి తిప్పి నేను రాయడం మొదలుపెట్టాను. వారంలో మూడు రోజులు ఆయనిక్కడ ఆఫీసుకి రావాలి కాబట్టి హాస్టల్లో మంచం, భోజనం 12 వేలు. ఖమ్మానికీ ఇక్కడికీ రెండొందల కిలోమీటర్లు. ప్రతివారం రానూపోనూ నెలకి మూడున్నర వేలు. ఖమ్మం ఇల్లు పాతది, ఏటా ఏదో ఒక మరమ్మతు. సగటున నెలకి మూడువేలు వేసుకోవాలి. పిల్లల్ని ట్యూషన్లకి తిప్పడానికి నాకొక బండి కావాలి, పెట్రోలుతో కలిపి రెండువేలు. చివరగా నా 8 వేలు. ఇక్కడ చుట్టుపక్కల ఫ్లాట్లలో తెలుగు చదవడం రాని తెలుగు పిల్లలకి నేను తెలుగు నేర్పుతాను. తెలుగు నేర్పితే డబ్బులిచ్చేది ఈ ఐటీ కారిడార్‌లోనే! ఖమ్మంలో ఎవరిస్తారు? అన్నీ కూడితే 28,500. అంటే మిగిలేది 13 వేలు. అటువైపు 41,500గా కనిపించిన అంకె ఇటువైపు తిప్పేసరికి 13 వేలకి దిగింది.

మావారి మొదటి కాగితంలో నా 8 వేలు లేవు. "అవి నీవి కదా, ఇంటి లెక్కలో ఎందుకు?" అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. కానీ ఆ డబ్బు ఎటుపోతోంది? పిల్లల నోటుపుస్తకాలకి, అత్తగారి మందులకి, పండక్కి ఆడపడుచుకి పెట్టే చీరకి, నా కథల పోస్టేజీకి. "నీవి" అన్నంతమాత్రాన ఆ ఖర్చులు ఆగిపోతాయా? ఎంతోమంది ఆడవాళ్ళు ఇంటి పట్టునే ఉండి కుట్టుపనో, పచ్చళ్ళో, పిల్లలకి సంగీతమో చెప్పి నాలుగు డబ్బులు సంపాదిస్తున్నారు. అవి సంవత్సరాల తరబడి ఒక చోట ఉండి, పదిమంది నమ్మకం సంపాదించాక వచ్చిన డబ్బులు. ఊరు మారితే మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. భర్త ఉద్యోగమైతే "ట్రాన్స్‌ఫర్ దొరుకుతుందా?" అని అడుగుతారు. భార్య కుట్టుమిషన్‌ని మాత్రం లారీలో పడేస్తారు. దాని గిరాకీ ఎవరు తెస్తారు?

మిగిలిన 13 వేలకి ప్రతిగా వారంలో మూడు రాత్రులు తండ్రి లేని ఇల్లు. పిల్లల చదువు, జ్వరాలు, అత్తగారి డాక్టరు, కరెంటు ఫ్యూజు, గ్యాసు, అన్నీ ఒక్కరి నెత్తిన. ఆ చాకిరీకి జీతమిచ్చి మనిషిని పెడితే 13 వేలకి దొరుకుతుందా?

ఇది నా ఊహ కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు వేలమంది ఐటీ ఉద్యోగులు సొంత ఊళ్ళకి వెళ్ళినట్టే మేమూ ఖమ్మం వెళ్ళి పద్నాలుగు నెలలున్నాం. అద్దె మిగిలింది, నిజమే. మావారు గదిలో లాప్‌టాప్ ముందు, పిల్లలు ఇంకో గదిలో ఆన్‌లైన్ క్లాసులో. వచ్చేపోయే బంధువులతో కలిపి పూటకి ఎనిమిది మందికి వంట. ఆ పద్నాలుగు నెలల్లో నేను ఒక్క కథ పూర్తి చేయలేదు. ఎవరూ నన్ను రాయొద్దనలేదు. రాసే గంట ఏదో కనిపించలేదు, అంతే. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే చూడండి. ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారట. ఊరు మారితే అద్దె మారుతుంది గానీ ఆ 289 తగ్గుతుందని ఎవరైనా హామీ ఇస్తున్నారా?

పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. మా పై అంతస్తులో ఉండే ఆవిడది కాకినాడ. అబ్బాయి తొమ్మిదో తరగతి. డాక్టరు చేయాలని ఆశ. ఈ జూన్‌లో వెళ్ళిపోదామని వాళ్ళాయన తొందర. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ఇచ్చిన జీవో 33 ప్రకారం ఎంబీబీఎస్‌లో స్థానిక కోటా కావాలంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ళూ వరసగా తెలంగాణలోనే చదివి ఉండాలి. కొన్ని రకాల ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకే మినహాయింపులు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనని సమర్థించింది. తొమ్మిది ఇక్కడ చదివి, పది నుంచి కాకినాడలో చదివితే ఇక్కడ స్థానికుడు కాడు. అక్కడా చదివిన సంవత్సరాల లెక్క చూస్తారు కాబట్టి సులువుగా తేలదు. "అద్దె మాట సరే, వీడి నాలుగేళ్ళ మాటేమిటి?" అని ఆవిడ అడిగేదాకా ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తట్టలేదట! రెండు రాష్ట్రాల మధ్య మారేవాళ్ళు ఎనిమిదో తరగతి లోపే మారడమో, ఇంటర్ అయ్యాక మారడమో మేలు. మేం వెళ్ళేది ఖమ్మమే కాబట్టి మాకా ఇబ్బంది లేదు.

చవకైన ఊరన్నంతమాత్రాన కష్టాలు ఉండవనీ కాదు. దూరపు కొండలు నునుపు. 2024 సెప్టెంబరు ఒకటిన మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగాయి. అవే రోజుల్లో బుడమేరు విజయవాడని ముంచెత్తింది. తక్కువకొస్తోందని ఇల్లు తీసుకునేముందు ఆ వీధిలో ముసలివాళ్ళని ఒక్కమాట అడగండి, నీళ్ళు ఎంతవరకు వచ్చాయని. గోడ మీద మరక చూపిస్తారు. పెద్ద జబ్బు చేస్తే స్పెషలిస్టు డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడో కూడా చూసుకోవాలి, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళుంటే.

"ఇప్పుడు చిన్న ఊళ్ళల్లోనూ ఐటీ వచ్చేసిందిగా" అంటారు కొందరు. వచ్చింది. వరంగల్ దగ్గర మడికొండలో 2020 జనవరిలో కంపెనీలు మొదలయ్యాయి. అదే ఏడాది కరీంనగర్‌లో, ఖమ్మంలో ఐటీ టవర్లు తెరిచారు. 2023లో మహబూబ్‌నగర్, సిద్దిపేట, నిజామాబాద్, నల్గొండల వంతు వచ్చింది. విశాఖలో ఇన్ఫోసిస్ కేంద్రం 2023 అక్టోబరులో మొదలైంది. సంతోషమే. కానీ ఊళ్ళో టవరు ఉండడం వేరు, అందులో మనకి సరిపోయే కుర్చీ ఉండడం వేరు. అదీ ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో రెండు కుర్చీలు కావాలి. దొరికేది ఒక్కటే అయితే అది ఎవరికిస్తారో ఊహించడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

ఇది మన ఒక్కరి గొడవే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా ఖర్చులు భరించలేక టెక్సాస్‌లోని డాలస్ వైపు వెళ్ళిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంబరపడి వెళ్తారు. వెళ్ళాక ఇంటి మీద వేసే పన్ను చూసి నోరు తెరుస్తారు. జపాన్ ప్రభుత్వమైతే టోక్యో రద్దీ తగ్గించాలని, 2023 ఏప్రిల్ నుంచి ఆ నగరం వదిలి వెళ్ళే కుటుంబాలకి ఒక్కో బిడ్డకి పదిలక్షల యెన్‌ల దాకా ఇస్తోంది. అయితే ఊరికే ఇవ్వదు. వెళ్ళిన చోట ఐదేళ్ళుండాలి, ఇంట్లో ఒకరికైనా పనో వ్యాపారమో ఉండాలి. అంటే ప్రభుత్వమే ముందు "అక్కడికెళ్ళి ఏంచేస్తారు?" అని అడుగుతోందన్నమాట. ఆ ప్రశ్న మన ఇళ్ళల్లో ఇల్లాలికి కూడా వేస్తే ఎంత బాగుంటుంది!

వెళ్ళి బాగుపడినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. నాకు తెలిసిన ఒకావిడ రెండేళ్ళ క్రితం ఇక్కణ్ణుంచి హనుమకొండ వెళ్ళింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులే. ఆవిడ మొదట చేసిన పని, ఇంటి నుంచి పనిచేయడానికి తన ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవడం. ఆ తర్వాతే ఆయన తన ఉద్యోగం మార్చుకున్నారు. పనిమనిషి, వంట, పిల్లల్ని దింపడం ఎవరెవరి వంతో ముందే మాట్లాడుకున్నారు. ముందు ఆవిడ ఉద్యోగం కదిలింది, ఆ వెనక సామాను కదిలింది. ఇప్పుడు హాయిగా ఉన్నారు. సాయంత్రం ఐదింటికల్లా నలుగురూ ఇంట్లో ఉంటారట. ఇక్కడ ఆ వేళకి సగంమంది ట్రాఫిక్‌లో ఉంటారు!

రాతపూర్వకంగా అని ఎందుకన్నానంటే, నోటిమాట నమ్మి వెళ్ళి ఇరుక్కున్నవాళ్ళనీ చూశాను. మాకు తెలిసిన ఒక కుటుంబం కరోనా తర్వాత ఇక్కడి ఫ్లాటు అమ్మేసి ఊరికి వెళ్ళింది. ఏడాది తిరక్కుండా కంపెనీ అందర్నీ వెనక్కి రమ్మంది, నెల గడువుతో. ఆయన ఒక్కడే తిరిగొచ్చి హాస్టల్లో ఉంటున్నాడు. ఈ కథలో ఇంకో బాధాకరమైన సంగతుంది. అమ్మిన ఫ్లాటు ఇద్దరి పేరు మీద ఉండేది. బ్యాంకు అప్పు కూడా ఇద్దరి జీతాల మీదే తీర్చారు. ఆ డబ్బుతో ఊళ్ళో కట్టిన ఇల్లు మామగారి స్థలంలో ఉంది. పట్టా మామగారిది. ఆవిడ పేరు ఇప్పుడు ఏ కాగితం మీదా లేదు. ఎవరూ ఆవిణ్ణి మోసం చెయ్యాలనుకోలేదు. "మనవాళ్ళేగా" అనుకున్నారు. కానీ రేపు పంపకాలొస్తే? నగరంలో ఆస్తి అమ్మి ఊళ్ళో పెట్టుబడి పెట్టే ప్రతి ఇల్లాలూ ఈ ఒక్క ప్రశ్న తప్పక వేసుకోవాలి. అమ్మినదాంట్లో నా పేరుంది, కొనేదాంట్లో ఉంటుందా? ఇలా అడిగితే భర్త మీద అపనమ్మకమని కాదు. పెళ్ళినాటి బంగారాన్ని లాకర్లో పెట్టుకున్నప్పుడు ఎవరిమీద అపనమ్మకంతో పెట్టుకున్నాం?

మా అత్తగారికి డెబ్భై నాలుగేళ్ళు. ఒక్కరే ఉంటున్నారు. మా లెక్కలన్నీ ఫోన్లో విని ఆవిడన్న మాట నాకు చాలా నచ్చింది. "నాకు తోడుగా వస్తానంటే రండే అమ్మాయ్, కళ్ళకద్దుకుంటా. అద్దె మిగులుద్దని మాత్రం రాబోకండి. నాకు జొరమొచ్చినప్పుడల్లా ఈ ముసలిదానికోసం ఇరుక్కుపోయామనుకుంటారు." ఎంత సూటిగా చెప్పారు! పెద్దవాళ్ళని చూసుకోవడం ఒక బాధ్యత. దాన్ని ఆ బాధ్యతగానే మాట్లాడుకోవాలి. ఆ పని కొడుకు ఎంత పంచుకుంటాడు, కూతురు ఎంత పంచుకుంటుంది, కోడలు ఎంత చేయగలదు అని తేల్చుకోవాలి. అద్దె పొదుపులో దాన్ని కలిపేస్తే, పొదుపు కొడుకు ఖాతాలోకి, సేవ కోడలి ఖాతాలోకి పోతాయి.

చివరికి మేం ఏంచేశాం? ఊరు మారకుండా ఇల్లు మారుతున్నాం. లింగంపల్లి స్టేషను వైపు పాత అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తు. లిఫ్టు లేదు, పార్కు లేదు. అద్దె 19 వేలు, మెయింటెనెన్స్ పదిహేను వందలు. నెలకి 11 వేలు మిగులుతాయి. ఖమ్మం వెళ్తే మిగిలేవి 13 వేలు కదా? రెండువేల తేడా కోసం సంసారాన్ని రెండు ముక్కలు చేసుకోవడం మావారికీ సబబనిపించలేదు. ఆయనకి ఆఫీసు దూరమైంది, రోజూ ఇంకో ఇరవై నిమిషాలు. నేను వారానికి మూడు రోజులు బస్సెక్కి గోపన్‌పల్లి వచ్చి నా తెలుగు పాఠాలు చెప్పుకుంటాను. పిల్లలకి లిఫ్టు పోయిందని అలక. అలా తలా కొంచెం వదులుకున్నాం. అత్తగారి విషయం మాత్రం ఇంకా తేలలేదు. ఆవిడ ఇల్లు వదిలి రానంటారు, మేం ఇప్పుడప్పుడే వెళ్ళలేం. ఆడపడుచు, మేం వంతులవారీగా నెలకోసారి వెళ్ళొస్తున్నాం. ఇది ఎన్నాళ్ళు సాగుతుందో చూడాలి.

అందరికీ ఇదే దారి అని నేననను. ఇద్దరి ఉద్యోగాలూ వెంట వచ్చేట్టయితే, పిల్లల వయసు కలిసొస్తే, అక్కడ మీకంటూ మనుషులుంటే నిక్షేపంగా వెళ్ళండి. ఇంత ఖర్చు పెట్టి, ఇంత ట్రాఫిక్ భరించి ఇక్కడే ఉండమని ఎవరు చెప్పగలరు? గొప్ప కోసం అప్పుచేసి ఉండేవాళ్ళని చూస్తే మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్న సామెతే గుర్తొస్తుంది. కానీ వెళ్ళేముందు కొన్ని పనులు చేయండి. అద్దె ఒక్కటే కాకుండా అక్కడ కొత్తగా పుట్టే ఖర్చులన్నీ రాయండి. మీరు తెచ్చే పదివేలో, ఐదువేలో తప్పకుండా రాయండి. ఎవరు ఎన్నింటికి లేస్తారో, ఏ పని ఎవరి వంతో గంటల్లో రాయండి. వీలైతే వేసవి సెలవుల్లో నెల్లాళ్ళు అక్కడ కాపురం చేసి చూడండి. చుట్టంచూపుగా కాదు, మార్కెట్టు, ఆసుపత్రి, బడి అన్నీ తిరిగి! ఆఫీసు అనుమతి కాగితం మీద ఉండాలి. ఆస్తి కాగితం మీద మీ పేరుండాలి.

ఇంట్లో అందరూ కూర్చుని ఆ లెక్క చూస్తున్నప్పుడు "నేను సర్దుకుంటాలే" అన్న మాట మీ నోట్లోంచి తొందరపడి రానివ్వకండి. ఆ సర్దుబాటు విలువ ఎంతో ముందు రూపాయల్లో, గంటల్లో రాయండి. ఆ తర్వాత వెళ్ళినా, ఉన్నా అది మీరూ కలిసి తీసుకున్న నిర్ణయం అవుతుంది. ఏమంటారు?